పాత ఆటగాడు ప్రత్యర్థి జెర్సీతో తిరిగివస్తే అభిమానులకు అంత కోపం ఎందుకు?

లెఫ్ట్‌బ్యాక్ (హైదరాబాద్) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. 2025 నవంబరు 4న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, రియల్ మాడ్రిడ్ జట్ల మధ్య జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ లివర్‌పూల్ నగరంలోనే పుట్టి, ఆరేళ్ల వయసులో ఆ క్లబ్బు అకాడమీలో చేరి, అదే క్లబ్బు తరఫున ఒక ఛాంపియన్స్ లీగ్, రెండు ప్రీమియర్ లీగ్ టైటిళ్లు గెలిచినవాడు. అటువంటివాడు మాడ్రిడ్ జెర్సీ వేసుకుని ఆట చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా మైదానంలో అడుగుపెట్టగానే స్టేడియం అంతా ఈలలతో, గేలితో హోరెత్తింది. మ్యాచ్‌కు ముందే ఆన్‌ఫీల్డ్ సమీపంలో ఒక ఇంటి గోడమీద ఉన్న అతని చిత్రాన్ని ఎవరో పాడుచేశారు. ఆ రాత్రి లివర్‌పూల్ 1-0తో గెలిచింది కాని, మరునాడు మా మిత్రబృందంలో ఆ గోల్ గురించి కంటే ఆ ఈలల గురించే ఎక్కువ చర్చ జరిగింది.

నిజానికి మాడ్రిడ్ లివర్‌పూల్‌కు పక్క ఊరి ప్రత్యర్థి కాదు. అయినా ఇంత జరిగిందంటే, బద్ధశత్రువు అనుకునే క్లబ్బుకే వెళ్లి, ఆ జెర్సీతో పాత మైదానానికి తిరిగివచ్చిన ఆటగాళ్ల సంగతి ఎలా ఉంటుంది? ఒప్పందం ఉన్నంతకాలం కష్టపడి ఆడి, ఆ తరువాత నిబంధనల ప్రకారమే వెళ్లిపోయినవాడి మీద అంత ద్వేషం ఎందుకు పుడుతుంది? అందులో ఏ పాలు సహజమైన బాధ, ఏ పాలు గుంపుగా చేరినప్పుడు వచ్చే తెగింపు? పాత సంఘటనలు దగ్గరగా తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను. "అది అభిమానం అండీ, అంతే" అనే ఒక్క మాట సమాధానాలు దయచేసి వద్దు, అవి మా వాట్సాప్ గ్రూపులో కావలసినన్ని ఉన్నాయి.

టికిటాకా (విజయవాడ) సమాధానం:

ఈ విషయం మాట్లాడుకోవాలంటే లూయిస్ ఫిగో దగ్గర మొదలుపెట్టక తప్పదు. నేను బార్సిలోనా అభిమానిని కాబట్టి నా పక్షపాతాన్ని ముందే చెప్పుకుని మొదలుపెడుతున్నాను.

ఫిగో 1995లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్బు నుంచి బార్సిలోనాకు వచ్చి, ఐదేళ్లలో అక్కడివారికి సొంత మనిషి అయిపోయాడు. 2000 వేసవిలో రియల్ మాడ్రిడ్ అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్న లొరెంజో సాంజ్ 1998, 2000 ఛాంపియన్స్ లీగ్ విజయాల బలంతో నిలబడగా, ఆయనపై పోటీకి దిగిన ఫ్లొరెంటినో పెరెజ్ తాను గెలిస్తే ఫిగోను తీసుకువస్తాననీ, తీసుకురాలేకపోతే సభ్యుల సీజన్ టికెట్ల ఖర్చు తానే భరిస్తాననీ ప్రకటించాడు. తెర వెనుక ఫిగో ఏజెంటుతో ముందే ఒక ఒప్పందం రాసుకున్నాడు. పెరెజ్ గెలిచిన తరువాత ఫిగో రాకపోతే భారీ పరిహారం చెల్లించవలసి వచ్చే విధంగా ఆ కాగితం ఉంది. పెరెజ్ గెలుస్తాడని అప్పట్లో పెద్దగా ఎవరూ అనుకోలేదు. ఫిగో కూడా తాను బార్సిలోనాలోనే ఉంటానని ఆ నగరంలోని ఒక క్రీడాపత్రికకు చెప్పాడు. జూలై 16న పెరెజ్ గెలిచాడు. జూలై 24న ఫిగో మాడ్రిడ్ జెర్సీ పట్టుకుని ఫోటోలకు నిలబడ్డాడు. దాదాపు 6 కోట్ల యూరోలు చెల్లించి రిలీజ్ క్లాజు (ఆ మొత్తం కడితే ఆటగాడిని వదలక తప్పదనే ఒప్పందపు షరతు) తీర్చేశారు కాబట్టి ఆపడానికి బార్సిలోనా చేతిలో ఏ ఆయుధమూ లేకపోయింది. అది అప్పటికి ప్రపంచ రికార్డు మొత్తం. ఆ ముందురోజే బార్సిలోనాలో కూడా ఎన్నిక జరిగి జోన్ గాస్పార్ట్ అధ్యక్షుడయ్యాడు. అంటే పదవి చేపట్టిన మరునాడే ఆయన క్లబ్బులోని అత్యుత్తమ ఆటగాడు ఎదుటివారి పక్కన నిలబడి నవ్వుతున్నాడన్నమాట.

ఆ అక్టోబరు 21న ఫిగో బార్సిలోనా మైదానం క్యాంప్ నౌకు తిరిగివచ్చాడు. మైదానంలోకి వస్తూనే చెవుల్లో వేళ్లు పెట్టుకున్న ఫోటో ఇప్పటికీ అందరికీ తెలుసు. అతని ముఖం అచ్చువేసిన దొంగనోట్లు స్టాండుల్లో చేతులు మారాయి, నాణేలు, సీసాలు గాలిలో ఎగిరాయి. ఆ రోజు అతను కార్నర్ కిక్కుల జోలికి పోలేదు, ఎందుకంటే కార్నర్ జెండా దగ్గరికి వెళ్లడమంటే జనానికి చేతికందే దూరంలోకి వెళ్లడమే. బార్సిలోనా 2-0తో గెలిచింది. ఆ రెండు గోళ్లలో ఒకటి కొట్టిన లూయిస్ ఎన్రికే, 1996లో మాడ్రిడ్ వదిలి బార్సిలోనాకు వచ్చినవాడే కావడం ఒక విచిత్రం. మాడ్రిడ్ వెళ్లినప్పుడు అతనికీ అటువంటి ఈలల స్వాగతమే దక్కేది, మావాళ్లు మాత్రం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు.

2002 నవంబరు 23న జరిగింది దానికంటే ఘోరం. ఈసారి ఫిగో కార్నర్లు తీసుకోవడానికి వెళ్లాడు. తొందరపడకుండా నింపాదిగా నడిచి, మైదానంలో పడిన సీసాలను పక్కకు నెట్టి, బంతి పెట్టుకునే సరికి మళ్లీ సీసాల వర్షం కురిసింది. అందులో విస్కీ సీసా ఉంది, కోసిన పంది తలకాయ కూడా ఉంది. పచ్చగడ్డి మీద కార్నర్ జెండా పక్కన ఆ తలకాయ పడి ఉన్న ఫోటో మరునాడు ప్రపంచమంతా తిరిగింది. రిఫరీ మెదీనా కాంతాలెహో ఆటగాళ్లను లోపలికి తీసుకువెళ్లి, పావుగంట సుమారు ఆట ఆపవలసి వచ్చింది. మ్యాచ్ 0-0గా ముగిసింది. గాస్పార్ట్ అయితే ఫిగోయే రెచ్చగొట్టాడని తప్పును అతనిమీదకే తోశాడు. స్టేడియాన్ని రెండు మ్యాచ్‌ల పాటు మూసివేయాలని విధించిన శిక్ష అప్పీళ్ల మధ్య నలిగి చివరికి అమలు కానేలేదు.

ఇప్పుడు లెఫ్ట్‌బ్యాక్ గారి ప్రశ్నకు వస్తాను. ఫిగోకు ఆరేళ్ల ముందు మైకేల్ లౌడ్రప్ కూడా బార్సిలోనా నుంచి నేరుగా మాడ్రిడ్‌కే వెళ్లాడు. 1994 జనవరిలో బార్సిలోనా తరఫున మాడ్రిడ్‌ను 5-0తో ఓడించిన జట్టులో ఉన్నాడు, ఏడాది తిరగకముందే అదే 5-0తో బార్సిలోనాను ఓడించిన మాడ్రిడ్ జట్టులోనూ ఉన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే. అతనికీ ఈలలు తప్పలేదు గాని పంది తలకాయ దాకా వ్యవహారం పోలేదు. కారణం ఏమిటంటే, కోచ్ క్రైఫ్‌తో అతనికి చెడిన సంగతీ, ఏథెన్స్‌లో జరిగిన 1994 యూరోపియన్ ఫైనల్‌కు అతన్ని పక్కన పెట్టిన సంగతీ, ఒప్పందం ముగిసిన సంగతీ జనానికి తెలుసు. అతను ఎందుకు పోయాడో అర్థమైంది. ఫిగో విషయంలో "ఉంటాను" అన్న మాట చెవుల్లో మోగుతూ ఉండగానే మనిషి లేడు.

అయితే ఆ మాట తప్పించినవారు ఎవరు? పథకం పెరెజ్‌ది, సంతకం ఏజెంటుది, ఆటగాడిని గట్టిగా పట్టుకోలేని చేతకానితనం మా క్లబ్బు పెద్దలది. వీరెవ్వరూ కార్నర్ జెండా దగ్గరికి రారు. అద్దాల గదిలోనో, మెత్తటి కుర్చీల్లోనో కూర్చుంటారు. మన కేక అందేంత దగ్గరికి వచ్చేది ఆటగాడొక్కడే. ద్వేషంలో పెద్ద పాలు ఇక్కడి నుంచే పుడుతుందని నా అభిప్రాయం. ఫిగో నిర్దోషి అని నేను అనడం లేదు, డబ్బు అతనికీ చేదు కాదు. కాని ఆ కథలో నలుగురు భాగస్వాములుంటే మేము ఒక్కడినే కొట్టాము.

ఉత్తర లండన్ తెలుగువాడు సమాధానం:

టికిటాకా గారు చెప్పినదానికి ఒక చేర్పు, ఒక అభ్యంతరం.

చేర్పు ఏమిటంటే, సోల్ కాంప్‌బెల్ విషయంలో డబ్బు అసలు చేతులు మారనేలేదు, అయినా కోపం ఫిగో కంటే తక్కువ కాదు. అతను టోటెన్‌హామ్ యువజట్టులో పెరిగి, కెప్టెన్‌గా 1999 లీగ్ కప్ ఎత్తినవాడు. 1995 డిసెంబరులో బోస్మన్ తీర్పు వచ్చిన తరువాత, ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా రాకుండా ఎక్కడికైనా వెళ్లవచ్చు. కాంప్‌బెల్ ఒప్పందాన్ని పొడిగించకుండా 2001 వేసవి దాకా లాగాడు. జూలైలో ఆర్సెనల్ శిక్షణ కేంద్రానికి విలేకరులను పిలిచినప్పుడు, గోల్‌కీపర్ రిచర్డ్ రైట్‌ను పరిచయం చేస్తారని వారు అనుకున్నారు. తలుపు తీసుకుని కాంప్‌బెల్ వచ్చాడు. ఆర్సెనల్ స్టేడియానికీ టోటెన్‌హామ్ స్టేడియానికీ మధ్య దూరం నాలుగు మైళ్ల లోపే. ఈ రెండు క్లబ్బుల వాళ్లూ ఒకే బస్సులో పనికి వెళ్తారు, ఒకే బడిలో పిల్లలను వదులుతారు. అందుకే ఇక్కడ "వెళ్లిపోయాడు" అనరు, "అటు వెళ్లాడు" అంటారు, ఆ "అటు" ఏదో అందరికీ తెలుసు.

2001 నవంబరు 17న అతను టోటెన్‌హామ్ మైదానం వైట్ హార్ట్ లేన్‌కు తిరిగివచ్చినప్పుడు స్టాండుల్లో వేలకొద్దీ తెల్లని బెలూన్లు లేచాయి, వాటి మీద "యూదా" అని రాసి ఉంది. చర్చికి వెళ్లే మనవారికి యేసును శత్రువులకు పట్టించిన ఇస్కరియోతు యూదా సంగతి చెప్పనక్కరలేదు. అయితే ఆ యూదాకు ముప్పది వెండి నాణెములు ముట్టాయి, ఇక్కడ టోటెన్‌హామ్‌కు ముట్టినది సున్న. అసలు మంట అక్కడే ఉంది. అమ్మినా బాగుండేది, కనీసం ఆ డబ్బుతో మరొకరిని కొనుక్కునేవాళ్లం అని వాళ్ల ఏడుపు. మ్యాచ్ 1-1గా ముగిసింది. ఆ సీజన్‌లోనే ఆర్సెనల్ లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలుచుకుంది. రెండేళ్ల తరువాత 2004 ఏప్రిల్‌లో లీగ్ టైటిల్‌ను ఖాయం చేసుకున్నది కూడా వైట్ హార్ట్ లేన్ మైదానంలోనే, కాంప్‌బెల్ ఆ జట్టులో ఉన్నాడు.

ఇక అభ్యంతరం. టికిటాకా గారు కోపాన్ని అర్థం చేసుకోమంటున్నారు, సరే. కాని అర్థం చేసుకునే కోపానికీ నేరానికీ మధ్య ఒక గీత ఉంది. 2008 సెప్టెంబరులో కాంప్‌బెల్ పోర్ట్‌స్మత్ తరఫున ఆడుతున్నాడు, ఆర్సెనల్ వదిలి కూడా రెండేళ్లు దాటింది. టోటెన్‌హామ్ అభిమానుల్లో కొందరు అతని మీద పాడిన పాటలు ఎంత నీచమైనవంటే, వాటిని ఇక్కడ అనువదించను. పోలీసులు వీడియోలు చూసి ముఖాలు గుర్తించారు. 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం కింద కేసులు నడిచి, కోర్టు కొందరిని దోషులుగా తేల్చింది, స్టేడియాలకు రాకుండా నిషేధం విధించింది. ఏడేళ్ల కిందటి బదిలీ మీద కోపం అని దానికి పేరు పెట్టుకోవచ్చు గాని, ఆ పాటల్లో బదిలీ గురించి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా అతని శరీరం గురించి, అతని లైంగికత గురించి వాళ్లు కల్పించుకున్న కథలు, ఉరి, మానసిక వ్యాధి. అంటే మనసులో ముందే ఉన్న మురికికి బదిలీ అనేది ఒక సాకు దొరికింది, అంతే. "పెద్దలు చేతికి చిక్కరు, ఆటగాడు దొరుకుతాడు" అన్న సూత్రం దీన్ని వివరించదు.

లెఫ్ట్‌బ్యాక్ (హైదరాబాద్):

ఇద్దరికీ ధన్యవాదాలు. లౌడ్రప్, ఫిగోల పోలిక నాకు బాగా పనికివచ్చింది. అయితే ఆ ఇద్దరి మధ్య ఆరేళ్ల కాలం ఉంది, ఆ కాలంలో టీవీ, డబ్బు అన్నీ మారిపోయాయి. ఒకే కాలంలో, ఒకే క్లబ్బు నుంచి, ఒకే ప్రత్యర్థికి వెళ్లిన ఇద్దరి పట్ల అభిమానులు వేర్వేరుగా ప్రవర్తించిన ఉదాహరణ ఏదైనా ఉందా? ఉంటే వెళ్లిన చోటు ముఖ్యమా, వెళ్లిన తీరు ముఖ్యమా అనేది తేలుతుంది.

పసుపు గోడ (జర్మనీ) సమాధానం:

ఉంది. డోర్ట్‌ముండ్.

మారియో గోట్జే చిన్నప్పటి నుంచి డోర్ట్‌ముండ్ అకాడమీలో పెరిగినవాడు. 2013 ఏప్రిల్ 24న ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌తో ఆట ఉండగా, సరిగ్గా ముందురోజు అతను 3 కోట్ల 70 లక్షల యూరోల రిలీజ్ క్లాజుతో బయర్న్ మ్యూనిక్‌కు వెళ్తున్నాడన్న వార్త బయటపడింది. ఊరంతా ఏళ్ల తరబడి ఎదురుచూసిన మ్యాచ్ అది, ఆ ఉదయం ఒక్కడు కూడా మాడ్రిడ్ గురించి మాట్లాడలేదు. మరునాడు లెవాండోవ్‌స్కీ నాలుగు గోళ్లు కొట్టి 4-1తో గెలిపించాడు. ఫైనల్ వెంబ్లీలో బయర్న్‌తోనే పడింది. గాయం కారణంగా గోట్జే ఆడలేదు, డోర్ట్‌ముండ్ 2-1తో ఓడింది.

ఆ ఏడాది నవంబరు 23న అతను బయర్న్ జెర్సీతో తిరిగివచ్చాడు. మా దక్షిణ స్టాండులో దాదాపు 25 వేల మంది నిలబడి చూస్తారు, దానినే పసుపు గోడ అంటారు. సబ్‌స్టిట్యూట్లు మామూలుగా మైదానం అంచున వార్మప్ చేస్తారు. బయర్న్ కోచ్ గార్డియోలా ఆ రోజు గోట్జేను జనం కంట పడకుండా లోపలే వార్మప్ చేయించి, రెండో అర్ధభాగంలో దింపాడు. దిగిన కాసేపటికే మొదటి గోల్ అతనే కొట్టాడు. పండుగ చేసుకోలేదు, క్షమించమన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. బయర్న్ 3-0తో గెలిచింది. ఆ చేతులెత్తడం కూడా మావాళ్లలో కొందరికి నచ్చలేదు. గోల్ కొట్టి మళ్లీ జాలి ఏమిటని వారి బాధ.

లెవాండోవ్‌స్కీ సంగతి వేరు. అతను బయర్న్‌కు వెళ్తాడని అప్పటికే అందరికీ తెలుసు, దాచలేదు. 2014 జనవరిలో అధికారికంగా ప్రకటించారు. ఆ తరువాత కూడా డోర్ట్‌ముండ్ జెర్సీలో మిగిలిన సీజన్ అంతా ప్రాణం పెట్టి ఆడి, 20 గోళ్లతో బుందేస్‌లీగాలో అత్యధిక గోళ్ల వీరుడయ్యాడు. క్లబ్బుకు ఒక్క యూరో దక్కలేదు. లండన్ మిత్రుడు చెప్పిన లెక్క ప్రకారమైతే కాంప్‌బెల్‌కు జరిగినదే ఇతనికీ జరగాలి. కాని సొంత మైదానంలో చివరి మ్యాచ్ రోజున జనం చప్పట్లతో సాగనంపారు, అతను ఏడ్చాడు. ప్రత్యర్థిగా తిరిగివచ్చినప్పుడు ఈలలు వినిపించకపోలేదు, ఏ క్లబ్బులోనైనా అది మామూలే. గోట్జే మీద పడినంత పగ మాత్రం అతని మీద పడలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు తీరు అనే. అందులోనూ రెండు విషయాలు. మొదటిది, మనవాడని పెంచిన పిల్లవాడు పోతే ఒక రకం, ఎక్కడి నుంచో వచ్చినవాడు పోతే ఇంకో రకం. రెండవది, వార్త ఎవరి నోట ఎప్పుడు తెలిసిందన్నది. గోట్జే 2016లో డోర్ట్‌ముండ్‌కే తిరిగివచ్చాడు, మొదట్లో మొహం తిప్పుకున్నవారే మెల్లగా చప్పట్లు కొట్టారు. పసుపు జెర్సీ వేసుకుంటే మనిషి మళ్లీ మనిషైపోతాడు!

రిఫరీ (విశాఖపట్నం) సమాధానం:

అందరూ ఆటగాడి పక్షాన నిలబడి రాస్తున్నారు కనుక నేను అభిమాని పక్షాన రెండు మాటలు రాస్తాను.

ఆటగాడు క్లబ్బు మారగలడు, కోచ్ మారగలడు, యజమాని క్లబ్బునే అమ్ముకోగలడు. మారలేనివాడు అభిమాని ఒక్కడే. టికెట్ ధర పెంచినా అతనిని అడగరు, మ్యాచ్ సమయం టీవీ వారి కోసం మార్చినా అడగరు. ఆ తొంభై నిమిషాల్లో గొంతు ఒక్కటే అతనిది. మన దగ్గర పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యే పాత నియోజకవర్గంలో కొత్త కండువాతో ఊరేగితే జనం ఏమంటారో మనకు తెలుసు, అది తప్పని కూడా ఎవరూ అనరు. అభిమాని చెట్టు వెనుక దాక్కుని రాయి విసరడం లేదు, వేలమంది ఎదుట, వాడి మొహం మీదే, "నువ్వు చేసింది మాకు నచ్చలేదు" అని ఈల వేస్తున్నాడు. కోట్లు తీసుకునే ఆటగాడు ఆ ఈల భరించలేడంటే నేను నమ్మను.

పైగా ఆటగాళ్లందరూ గోట్జేలా చేతులెత్తరు. ఎమాన్యుయెల్ అడెబయోర్ 2009లో ఆర్సెనల్ నుంచి మాంచెస్టర్ సిటీకి వెళ్లాడు. సెప్టెంబరు 12న పాత జట్టుపై గోల్ కొట్టి, మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుగెత్తి, ఆర్సెనల్ అభిమానులున్న మూలలో మోకాళ్ల మీద జారి, చేతులు చాచి నిలబడ్డాడు. వాళ్లు చేతికందినవన్నీ విసిరారు, ఆ గందరగోళంలో ఒక స్టీవార్డు గాయపడ్డాడు. అదే మ్యాచ్‌లో ఆర్సెనల్ ఆటగాడు వాన్ పెర్సీ ముఖాన్ని తొక్కినందుకు అడెబయోర్‌కు మూడు మ్యాచ్‌ల నిషేధం పడింది, ఆ పరుగుకు జరిమానా వేరుగా పడింది. సరే, అంతకుముందు అతని కుటుంబం మీద పాడిన పాటలు దారుణమైనవి, అతను పరుగెత్తింది వాటికి జవాబుగానే. కాని నిప్పు రెండు వైపులా ఉందని ఒప్పుకోవాలి.

ఇంకొకటి. ఆర్సెనల్ వారికి ద్వేషించడం మాత్రమే వచ్చని అనుకోవద్దు. 2012లో వాన్ పెర్సీ కూడా వారిని వదిలి మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లి, మొదటి ఏడాదే టైటిల్ గెలిచాడు. 2013 ఏప్రిల్ 28న ఆర్సెనల్ మైదానం ఎమిరేట్స్‌లో ఆర్సెనల్ ఆటగాళ్లు రెండు వరుసల్లో నిలబడి చాంపియన్లకు గౌరవంగా చప్పట్లు కొట్టవలసి వచ్చింది, పాత కెప్టెన్ వారి మధ్య నుంచి నడిచి వెళ్లాడు. స్టాండులు ఈలలు వేశాయి, వాన్ పెర్సీ పెనాల్టీతో గోల్ కొట్టాడు, మ్యాచ్ 1-1తో ముగిసింది, అందరూ ఇళ్లకు వెళ్లారు. ఒక్క సీసా ఎగరని ఆ సాయంత్రం గురించి ఎవరూ డాక్యుమెంటరీలు తీయరు.

ఉత్తర లండన్ తెలుగువాడు:

రిఫరీ గారు, ఈల వేసే హక్కు గురించి మనిద్దరికీ పేచీ లేదు. కాని ఎమ్మెల్యే పోలిక నిలవదండి. ఎమ్మెల్యే మన ఓటు అడిగి, మన గుర్తు మీద గెలిచి, ఆ పదవిని తీసుకుని వెళ్తాడు. ఆటగాడు మన ఓటు అడగలేదు, కాగితం మీద ఉన్న గడువు పూర్తిచేశాడు. ఇంత చెప్పి, ఫిగో కథ ఒక ఎన్నిక వాగ్దానంతోనే మొదలైందని గుర్తొచ్చి నాకే నవ్వు వస్తోంది. బార్సిలోనా, మాడ్రిడ్ రెండూ సభ్యుల క్లబ్బులు, అధ్యక్షుడిని ఓటుతో ఎన్నుకుంటారు. అక్కడ కోపం తీర్చుకోవడానికి ఓటు ఉండగా కూడా సీసానే ఎందుకు ఎంచుకున్నారో టికిటాకా గారు చెప్పాలి.

టికిటాకా (విజయవాడ):

అప్పట్లో ఓటు నాలుగేళ్లకు ఒకసారి, ఫిగో మాత్రం ఏటా వచ్చేవాడు! సరదాకు అంటున్నాను గాని, గాస్పార్ట్‌ను కూడా జనం వదలలేదు. జట్టు దిగజారుతుంటే క్యాంప్ నౌలోనే తెల్ల రుమాళ్లు ఊపి నిరసన తెలిపారు, 2003 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశాడు. ఫిగోను అమ్మగా వచ్చిన డబ్బును ఓవర్‌మార్స్, పెటీ అనే ఆటగాళ్ల మీద పోయడం ఆయన ఖాతాలో పెద్ద తప్పుగా మిగిలింది. అయితే ఆ నిరసన రుమాళ్లతో ఆగింది, ఫిగో దగ్గర సీసాల దాకా వెళ్లింది. ఈ తేడాను నేను సమర్థించలేను.

ఖరగ్‌పూర్ కాలనీ సమాధానం:

మీరందరూ ఐరోపా చుట్టూ తిరుగుతున్నారు. ఈ ప్రశ్న హైదరాబాద్ నుంచి వచ్చింది కనుక, హైదరాబాద్ ఆటగాళ్లే ప్రధానపాత్రలుగా ఉన్న ఒక కథ చెబుతాను. మాది రైల్వే ఉద్యోగం కోసం తాతలనాడు ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. మా ఇంట్లో పెద్దలు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అని రెండుగా చీలిపోయి ఉండేవారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప వండటం బెంగాల్ ఆనవాయితీ. ఇలిష్ అంటే మన గోదావరి పులసే, కాబట్టి మా తెలుగు ఇళ్లలో ఈస్ట్ బెంగాల్‌కు కొంచెం మొగ్గు ఎక్కువ అని ఒక హాస్యం.

మహమ్మద్ హబీబ్ 1949లో హైదరాబాద్‌లో పుట్టారు. 1960ల మధ్యలో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, అక్కడి నుంచి మోహన్ బగాన్‌కు, మళ్లీ ఈస్ట్ బెంగాల్‌కు, 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు, 1976లో మళ్లీ మోహన్ బగాన్‌కు మారారు. అంటే కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులూ తిరిగారు. 1970లో ఇరాన్‌కు చెందిన పాస్ క్లబ్బును ఓడించి ఐఎఫ్‌ఏ (బెంగాల్ ఫుట్‌బాల్‌ను నడిపే సంఘం) షీల్డ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు ఆయన అండ. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2-2తో నిలువరించినప్పుడు ఒక గోల్ ఆయనది. ఇన్నిసార్లు అటూ ఇటూ మారిన మనిషిని రెండు పక్షాల వారూ "బడే మియా" అనే పిలిచారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఆయన కన్నుమూసినప్పుడు రెండు క్లబ్బులూ ఆయనను తమవాడిగానే తలచుకున్నాయి.

ఆయన తమ్ముడు అక్బర్ విషయం ఇంకా విచిత్రం. 1970ల మొదట్లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 1976లో మోహన్ బగాన్ జెర్సీతో పాత జట్టు ఎదుట దిగి, ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు. కోల్‌కతా డెర్బీలో (ఒకే ఊరి ప్రత్యర్థుల మధ్య జరిగే మ్యాచ్‌లో) అత్యంత వేగవంతమైన గోల్‌గా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం ఇంకా కూర్చోనే లేదు. ఫిగో గాని ఆ పని చేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

మరి కోల్‌కతా వారు సాధువులా? కానే కాదు. 1980 ఆగస్టు 16న ఇదే డెర్బీలో ఈడెన్ గార్డెన్స్ స్టాండులో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. కోపానికి అక్కడ కొదువ లేదు. తేడా ఒప్పందాల్లో ఉందని నేను అనుకుంటాను. ఆ రోజుల్లో ఆటగాడు ఏడాదికోసారి ఐఎఫ్‌ఏ కార్యాలయానికి వెళ్లి, ఆ ఏడాది ఏ క్లబ్బుకు ఆడతాడో సంతకం చేసేవాడు. బదిలీల రోజులు వచ్చాయంటే ఎదుటి క్లబ్బు మనుషులకు దొరకకుండా ఆటగాళ్లను ఎక్కడెక్కడో దాచిపెట్టేవారు, సంతకం రోజున కాపలాతో తీసుకువచ్చేవారు. జనం ఆ ఎత్తులు, పైఎత్తులను పత్రికల్లో రోజూ సీరియల్‌లా చదివేవారు. ఎత్తుకుపోయినవాడు ఎదుటి క్లబ్బు కార్యదర్శి అని అందరికీ తెలుసు గనుక కోపంలో సగం అతని మీదకే పోయేది. టికిటాకా గారు అన్న "అద్దాల గది" అక్కడ లేదు. పైగా ఈ ఏడాది పోయినవాడు వచ్చే ఏడాది మనవాడు కావచ్చు, అతని వంశాన్ని తిట్టిపోస్తే రేపు ఏ మొహంతో చప్పట్లు కొడతాం?

ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. ఏళ్ల తరబడి ఒప్పందాలు, కోట్ల పరిహారాలు వచ్చాయి. 2024లో అన్వర్ అలీ మోహన్ బగాన్‌తో ఉన్న నాలుగేళ్ల అరువు ఒప్పందాన్ని (మరో క్లబ్బు ఆటగాడిగా ఉంటూనే ఇక్కడ ఆడే ఒప్పందాన్ని) తెంచుకుని ఈస్ట్ బెంగాల్‌లో చేరినప్పుడు, భారత ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీ అతనికి నాలుగు నెలల నిషేధం, అతనితోపాటు ఈస్ట్ బెంగాల్, అతని మాతృక్లబ్బు ఢిల్లీ ఎఫ్‌సీ కలిసి మోహన్ బగాన్‌కు చెల్లించేలా 12 కోట్ల 90 లక్షల రూపాయల పరిహారం విధించింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక ఆ ఉత్తర్వు నిలవలేదు, అతను ఈస్ట్ బెంగాల్‌కు ఆడుతూనే ఉన్నాడు. ఇప్పుడు మోహన్ బగాన్ అభిమానులు అతని గురించి సామాజిక మాధ్యమాల్లో రాసే మాటలు చదివితే, హబీబ్‌ను వారి తాతలు ఎలా భరించారా అని ఆశ్చర్యం వేస్తుంది. ఆ రాసేవారిలో ఎంతమంది సాల్ట్ లేక్ స్టేడియం గేటు దాటి ఉంటారో నాకు అనుమానమే.

లెఫ్ట్‌బ్యాక్ (హైదరాబాద్):

ఖరగ్‌పూర్ మిత్రమా, హబీబ్ గారి విషయం మా ఊరివాళ్లమై ఉండి మాకే సరిగ్గా తెలియదు. చివర్లో మీరు అన్న మాట మాకే ఎక్కువ తగులుతుంది. మేము ఆన్‌ఫీల్డ్‌కు టికెట్ కొన్నవాళ్లం కాదు, ఆ వీధుల్లో పుట్టినవాళ్లం కాదు. అక్కడివాడు ఈల వేసి ఇంటికి పోతాడు, మా బృందంలో ఒకతను మాత్రం మ్యాచ్ అయిన మూడో రోజున కూడా అలెగ్జాండర్-ఆర్నాల్డ్ ఖాతా కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బూతులు రాస్తూనే ఉన్నాడు. నిన్న గ్రూపులో లండన్ మిత్రుడి గీతనే పెట్టాను. ఈల, ఎగతాళి, పాట ఎవరిష్టం వారిది, మనిషి కుటుంబం, రంగు, శరీరం జోలికి వస్తే మాత్రం గ్రూపు నుంచి తీసేస్తాను. ఇద్దరు అలిగి బయటకు పోయారు, వారిలో ఒకరు లివర్‌పూల్ నగరంలోనే ఉన్న ప్రత్యర్థి క్లబ్బు ఎవర్టన్ అభిమానుల గ్రూపులో చేరారట. ఈ రెండు క్లబ్బుల మధ్య జరిగే తరువాతి మెర్సీసైడ్ డెర్బీని రెండు గ్రూపుల వాళ్లం ఒకే తెర మీద చూడాలని ముందే అనుకున్నాము, ఆయనకు మావాళ్లు ఎటువంటి స్వాగతం సిద్ధం చేస్తున్నారో నేనింకా అడగలేదు.